వేషం కడిగిన తర్వాత

ఒళ్ళంతా కుంకుమ పూయాలంటే పిల్లవాడు కదలకుండా నిలబడాలి. మునిప్రసాద్ కదలకుండానే నిలబడ్డాడు. అది అమ్మవారి మీద భక్తి కాదు, చేతిలో ఉన్న ఫోను మహిమ. మునిలక్ష్మి గిన్నెలో కుంకుమ కలిపి వాడి వీపు మీద అరచేత్తో రాస్తూ పోతోంది. నీళ్ళు ఎక్కువైతే కారిపోతుంది, తక్కువైతే ఎండలో పెచ్చులు కట్టి రాలుతుంది. చెయ్యెత్తమంటే వాడు ఫోను రెండో చేతిలోకి మార్చుకుని ఈ చెయ్యి ఎత్తాడు.

ఫోనులో ఎవడో ఆట ఆడుతున్నాడు. ఆడుతూ అరుస్తున్నాడు, గెలిచి ఎగురుతున్నాడు. కొర్లగుంట సందులో, ఇంటి ముందు పంచలో నిలబడి తన కొడుకు వాణ్ణి చూస్తున్నాడు. సెలవులు ఇచ్చినప్పటి నుంచీ ఇదే వరస. మట్టిలో ఆడితే బట్టలు మాస్తాయని ఒకప్పుడు తిట్టిన తల్లే, ఇప్పుడు మట్టిలో ఆడుకోరా నాయనా అని బతిమాలుకుంటోంది. ఆడే కష్టం కూడా ఇంకొకడే పడితే ఈ పిల్లోడికి మిగిలేదేమిటో ఆమెకు అర్థం కాదు.

"ఇంక సాలు, ఫోను అవ్వకియ్యి. మొగానికి పుయ్యాల," అంది.

వాడు వినలేదు. అత్త మునిరత్నమ్మ లేచి వచ్చి ఫోను లాక్కుని కొంగులో చుట్టేసుకుంది. అప్పుడు గానీ వాడు కళ్ళు మూసుకోలేదు.

గంగజాతర వారంలో తిరుపతిలో రోజుకొక వేషం. ఆ రోజు బండ వేషం. ఒంటికి కుంకుమ పూసుకుని, మెడలో పూలదండ వేసుకుని, వేపమండ చేతబట్టుకుని, దారిలో ఎదురైన వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాలి. తిట్లు తిన్నవాళ్ళకి కోపం రాకూడదు. తిట్టు తగిలితే పీడ పోతుందని ఎదురొచ్చి మరీ తిట్టించుకునే వాళ్ళుంటారు. మరుసటి రోజు బొగ్గు పూసుకునే తోటి వేషం, దానిలోనూ తిట్లే. పసివాడుగా ఉన్నప్పుడు మునిప్రసాద్‌కు అమ్మవారు పోసి, కళ్ళు తెరవకుండా పడి ఉంటే, వీడు బతికి బట్టకడితే మూడేళ్ళు ఈ రెండు వేషాలూ వేయిస్తానని మునిలక్ష్మి మొక్కుకుంది. ఇది మూడో ఏడు.

ఈ మొక్కులో కష్టమంతా తిట్టు దగ్గరే. ఎందుకంటే వాడు నోట్లో నాలుక లేని పిల్లవాడు. బడిలో ఒంటికి పోవాలని అడగడానికి కూడా మొహమాటపడి నిక్కరు తడుపుకున్న రోజులున్నాయి. మొదటి ఏడు అవ్వ చీర వెనకాల దాక్కుని ఏడ్చాడు. రెండో ఏడు, నిలబెట్టి ఉన్న ఒక స్కూటర్‌ను చూసి "పోరా" అన్నాడు. దాన్ని కూడా తిట్టు కింద జమ వేసుకోమని మునిరత్నమ్మ అమ్మవారికి దండం పెట్టి చెప్పింది.

"ఈసారి మనిషిని తిట్టాల నాయనా," అంది మునిలక్ష్మి, తను తెల్లవారుజామున కట్టిన పూలదండ వాడి మెడలో వేస్తూ. పూలకొట్టుకు మూరల లెక్కన మల్లెలూ కనకాంబరాలూ కట్టి ఇచ్చే చేతులు ఆమెవి. కొడుకు దండ మాత్రం రెండు పేటలు దట్టంగా కట్టింది.

తాతయ్యగుంట గంగమ్మ గుడి దారి పట్టేసరికి డప్పులు మోగుతున్నాయి. రోడ్డు పొడుగునా ఎర్రటి మనుషులు. పెద్దవాళ్ళు, చంకలో బిడ్డలు, మీసాలు మొలవని కుర్రాళ్ళు, అందరి నోళ్ళలో తిట్లే. గుడి ఇంకా వీధి దూరంలో ఉందనగా అమర్‌నాథ్ ఎదురొచ్చాడు. పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు. ఏటా జాతర వీడియోలు తీసి పెడుతుంటాడు. ఆ రోజూ చేతిలో ఫోను ఎత్తే ఉంది.

"ఏం ప్రసాదూ, నన్ను తిట్టవా? నాకు శని పట్టుకోనుండాది. ఒక్క తిట్టు తిట్టి వదిలించప్పా," అని వాడి ముందు వంగాడు.

మునిప్రసాద్ తల్లి వైపు చూశాడు.

"తిట్టు నాయనా," అంది మునిలక్ష్మి.

"దున్నపోతా," అన్నాడు వాడు, దండలోని పూలకు చెబుతున్నట్టు.

"వినపళ్ళేదు! ఇంకా గట్టిగా తిట్టు! సిగ్గెందుకు? అమ్మ నేర్పిచ్చింది గదా, అవన్నీ తిట్టు!"

డప్పు గట్టిగా మోగింది. ఆ డప్పు ఎక్కడ తగిలిందో గాని వాడి నోరు తెరుచుకుంది. "దున్నపోతా! నీ మొగం మండ! నీ పాడె గట్ట!" అని మొదలుపెట్టి, ఇక్కడ రాయడానికి వీల్లేని నాలుగైదింటిని వరసబెట్టి వదిలి, వేపమండతో అమర్‌నాథ్ వీపు మీద ఒకటి ఇచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. అమర్‌నాథ్ చెంపలేసుకుని ఇక పీడ పోయిందన్నాడు. ఒక ముసలాయన దగ్గరికొచ్చి నన్నూ తిట్టమని అడిగాడు. ఒక ఆడమనిషి చంటిబిడ్డను చూపించి దీన్ని కూడా అంది. వాడు అందర్నీ తిట్టాడు. తిట్టి పకపకా నవ్వాడు. ఎర్రటి ముఖంలో తెల్లగా మెరిసే ఆ పళ్ళు చూసి మునిలక్ష్మికి ఏడుపొచ్చింది. ఆమె బిడ్డ అంత గట్టిగా నవ్వడం ఆమె ఎప్పుడూ వినలేదు. గుడి దాకా ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది.

మధ్యాహ్నం పంచలో కూర్చోబెట్టి తలమీద నుంచి నీళ్ళు పోసింది. ఎర్రనీళ్ళు మెట్టు దిగి కాలువలోకి పోయాయి. వేషం కడిగేస్తే తిట్టు కూడా ఆ నీళ్ళతో పోయినట్టే. ఊళ్ళో పుట్టిన వాళ్ళెవరికీ ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పూట వాడు ఫోను అడగలేదు. పక్కింటి పిల్లలకు తన తిట్లు మళ్ళీ మళ్ళీ వినిపించి నవ్వించాడు.

మరుసటి రోజు పొద్దున మునిలక్ష్మి బొగ్గు నూరుతుండగా గుణశేఖర్ ఇంట్లోకి వచ్చాడు. ఆమె భర్త. ఒక ప్రైవేటు స్కూల్లో వ్యాను డ్రైవరు. సెలవుల్లోనూ పోయి వ్యాన్లు కడిగి, గాలి చూసి వస్తాడు. ఆ రోజు పోయిన కాసేపటికే తిరిగొచ్చాడు. ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు.

తెరమీద కొడుకు. ఎర్రటి ముఖం, తెరిచిన నోరు, ఆ తిట్లు. డప్పులు లేవు. గుడి లేదు. వంగి తిట్టించుకున్న అమర్‌నాథ్ లేడు, చెంపలేసుకోవడమూ లేదు. జాతరంతా ఎవరో కోసి పారేసి, పిల్లవాణ్ణీ బూతునూ మిగిల్చుకున్నారు. రెండు గొంతులు కూడా మిగిల్చారు. "తిట్టు నాయనా" అనే ఆమె గొంతు, దాని వెంటే "ఇంకా గట్టిగా తిట్టు! అమ్మ నేర్పిచ్చింది గదా!" అనే అమర్‌నాథ్ గొంతు. పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ఈ తల్లి పెంపకం చూడండి.

"లచ్చల మంది సూసినారంట," అన్నాడు గుణశేఖర్. "బళ్ళో అందురూ సూసినారు. కరస్పాండెంట్ సారు రమ్మన్నాడు."

"ఇది జాతరని సెప్పలేదా నువ్వు?"

"యాడ సెప్పేది? ఎవురికి సెప్పేది? బెంగుళూరోనికి సెప్పాల్నా, దుబాయోనికి సెప్పాల్నా?"

మునిలక్ష్మి చేతులకు అంటిన బొగ్గు తుడుచుకోకుండానే అమర్‌నాథ్ కొట్టుకు పరిగెత్తింది. అతని ముఖం అప్పటికే పాలిపోయి ఉంది. "నేను పెట్టింది నిండు వీడియో అక్కా. డప్పులు, గుడి, అంతా ఉండాది. ఎవుడో దించుకోని కత్తిరించినాడు. నాది తీసేసినా. వాళ్ళది నా సేతిలో లేదక్కా," అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. తిట్టడానికి కూడా మనిషి దొరకనప్పుడు మునిలక్ష్మి ఏం చెయ్యాలి? వెనక్కి తిరిగి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి మునిప్రసాద్ మూలలో కూర్చుని ఫోను చూస్తున్నాడు. ఆట కాదు. వీడియో కింద జనం రాసిన మాటలు. వాడికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. బడిలో పేరా చదవమంటే నీళ్ళు నమిలే వాడు, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి పట్టుదలగా చదువుతున్నాడు.

"అమ్మా, పెంపకమంటే ఏంది?"

ఆమె ఫోను లాక్కుంది.

"నిన్ను జైల్లో పెట్టాలని రాసినారు. పెడతారా?"

"ఎవురూ పెట్టరు. దా, బొగ్గు పుయ్యాల. పొద్దు పోతాంది."

వాడు గోడకు అతుక్కుపోయాడు. చెయ్యి పట్టి లాగితే కేక పెట్టాడు. గుణశేఖర్ వచ్చి బొగ్గు గిన్నె ఎత్తి కాలువలో బోర్లించాడు. "ఈ పొద్దు వేషమూ లేదు గీషమూ లేదు. ఉన్న కూడు పోగొట్టుకోవాల్నా?" అన్నాడు. మునిరత్నమ్మ రాత్రి అన్నాల దగ్గర కోడలితో మెల్లగా, "మంగళారం జాతర నాడు ఏ వేషమైనా ఎయ్యొచ్చు. మూడో ఏడు మొక్కు సగంలో ఇడిసిపెట్టగూడదు మే," అంది.

కరస్పాండెంట్ సారు చెడ్డవాడు కాదు. అదే బాధ. చెడ్డవాడైతే నాలుగు మాటలు అని రావచ్చు. మరుసటి రోజు ఆయన మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు.

"మీరూ ఈ ఊరోళ్ళే గదా సార్," అంది మునిలక్ష్మి. "మీరు సిన్నప్పుడు ఎయ్యలేదా?"

"వేసినానమ్మా. మా నాయనని కూడా తిట్టినాను," అని నవ్వాడాయన. తర్వాత ఆ నవ్వు పోయింది. "అప్పుడు ఫోన్లు లేవు. సాయంత్రానికి ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తాండారు. ఈ పిల్లోడు మీ బళ్ళోనేనంట, వాళ్ళ నాయనే వ్యాను తోలుతాడంట అని. నేనేం చెప్పాల? జాతర గురించి చెప్పేలోపల పెట్టేస్తాండారు. ఒక పని చేయండి. పిల్లోడి చేత సారీ చెప్పించి వీడియో తీసి పంపండి. నేను వాళ్ళ గ్రూపులో పెడతాను. అంతటితో చల్లబడుతుంది."

"అమ్మవారి మొక్కుకు సారీ సెప్పాల్నా సార్?"

ఆయన బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. గుణశేఖరే అన్నాడు, "తీసి పంపిస్తాం సార్."

ఇంట్లో తెల్లగా కనబడే గోడ ఒక్కటే. క్యాలెండరు తీసేసి దాని ముందు మునిప్రసాద్‌ను నిలబెట్టారు. నడి వేసవిలో స్కూలు యూనిఫారం, టై, నూనె రాసి దువ్విన తల. నవ్వు పోయిన ఆ ముఖం చూస్తే వేషం మొన్న వేసిందా ఇవాళ వేసిందా అనిపించింది మునిలక్ష్మికి. గుణశేఖర్ రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు.

"నా పేరు మునిప్రసాద్. నేను తప్పు..." అని ఆగిపోయాడు వాడు.

"గట్టిగా సెప్పు."

"నేను తప్పు చేసినాను. సారీ..."

"వినపళ్ళేదురా! ఇంకా గట్టిగా! నేర్పిచ్చినాను గదా, అట్లనే సెప్పు!"

వంటింటి గడపలో నిలబడ్డ మునిలక్ష్మి ఉలిక్కిపడింది. అవే మాటలు. ఈసారి తండ్రి నోట.

మళ్ళీ తీశారు. బయట కుక్క మొరిగింది, మళ్ళీ తీశారు. వాడు కళ్ళు దించుకున్నాడని మళ్ళీ. ఒకసారి బాగానే చెబుతూ సగంలో ఆగి, "నాయనా, అమ్మ సెప్పిందని కూడా సెప్పాల్నా?" అని అడిగాడు.

గుణశేఖర్ ఫోను దించాడు. సారు తర్వాత ఫోనులో రాసి పంపిన మాటల్లో అది ఉంది. అతను భార్య వైపు చూడలేదు.

"సెప్పు నాయనా," అంది మునిలక్ష్మి గడపలోంచే. "అమ్మ సెప్పిందనే సెప్పు. నిజమే గదా."

అప్పుడు వాడు గడగడా అప్పజెప్పాడు. "నా పేరు మునిప్రసాద్. మా అమ్మ చెప్పిందని బూతులు తిట్టినాను. తప్పయిపోయింది. సారీ అంకుల్స్, సారీ ఆంటీస్." ఒక్క తప్పు లేదు. ఇన్నేళ్ళలో వాడు ఇంత గట్టిగా, ఇంత స్పష్టంగా మాట్లాడింది రెండే సార్లు. రెండోది వినగానే మునిలక్ష్మి లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

చల్లబడుతుందని సారు అనుకున్నాడు. ఆయనది మంచి ఉద్దేశమే. కానీ ఆ సారీని కూడా ఎవరో దించుకున్నారు. దానికి దరువు కలిపారు. "సారీ అంకుల్స్, సారీ ఆంటీస్" అని వాడి గొంతు తాళానికి తగ్గట్టు గంతులు వేస్తుంటే, ఎక్కడెక్కడి పిల్లలో టై కట్టుకుని ఆ దరువుకు ఆడి వీడియోలు పెట్టారు. సోమవారం సాయంత్రానికి ఆ పాట కొర్లగుంట సందులోకే వచ్చేసింది. పక్కింటి పిల్లలు పంచ ముందు నిలబడి నడుములు తిప్పుతూ పాడారు. వాళ్ళకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. అందరూ ఆడుతున్న ఆట అది, అంతే. మునిప్రసాద్ లోపలి గదిలో మంచం కింద దూరి సాయంత్రమంతా అక్కడే ఉన్నాడు.

సారీ వీడియో తీసిన రోజు నుంచి వాడు ఫోను ముట్టలేదు. ఇచ్చినా తీసుకోలేదు. ఈ పిల్లోడు ఆ ఫోను వదిలేస్తే చాలు తల్లీ అని ఎన్నిసార్లు దండం పెట్టుకుందో మునిలక్ష్మి. అమ్మవారు ఆ కోరిక ఇట్లా తీరుస్తుందని ఆమె అనుకోలేదు.

మంగళవారం గుణశేఖర్ వ్యానుల దగ్గరికి పోయాక ఆమె మళ్ళీ బొగ్గు నూరింది.

"ఒక్క మాట సాలు నాయనా," అంది పంచలో కాకుండా లోపలే, తలుపు వేసి, వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని. "'పో' అన్నా సాలు. మొక్కు తీరిపోతాది. ఇంకెప్పుడూ నిన్ను తిట్టమని అడగను. బొగ్గు పూసుకుంటే నువ్వెవురో ఎవురికీ తెలీదు. నేనే గుర్తుపట్టను."

వాడు తల ఊపాడు. కదలకుండా నిలబడ్డాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు. నుదురు, చెవుల వెనక, కనురెప్పలు, మెడ మడతలు, ఎక్కడా చర్మం కనబడకుండా ఆమె నల్లగా పూసింది. వేపాకు దండ మెడలో వేసి కాస్త వెనక్కి జరిగి చూసుకుంది. నిజంగానే ఎవరి బిడ్డో అన్నట్టున్నాడు. మునిరత్నమ్మ కూడా బాగుందని తల పంకించింది. మోకాళ్ళ నొప్పితో ఆమె ఇంట్లోనే ఉండిపోయింది.

జాతర నాడు తాతయ్యగుంట దారిలో ఇసక వేస్తే రాలని జనం. పొంగళ్ళ కుండలు, కోళ్ళు, చీరలు కట్టుకున్న మగవాళ్ళు, పిల్లనగ్రోవులు, జిలేబీ మూకుళ్ళు. తల్లీ కొడుకులు ఆ జనంలో పడి నడిచారు. ఎవరూ వాళ్ళ వైపు చూడలేదు. నల్లటి పిల్లలు వాడిలాంటి వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. మునిలక్ష్మికి గుండె కుదుటపడింది. గుడి గోపురం కనబడే చోట, చెరుకురసం బండి పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన వాడి వేపాకు దండ చూసి తనంతట తానే చేతులు జోడించి తల వంచాడు.

"తిట్టు నాయనా," అంది మునిలక్ష్మి. వాడు నోరు తెరవలేదు. డప్పుల మోతలో వినబడలేదేమోనని, "గట్టిగా! తాత నిలబడుకోనుండాడు సూడు, తిట్టు!" అంది.

చెరుకురసం తాగుతున్న ఒక కుర్రాడు ఠక్కున తిరిగాడు. పిల్లవాణ్ణి కాదు, ఆమెను చూశాడు. లక్షల మంది విన్న గొంతది. పిల్లవాడి ముఖానికి బొగ్గు పూసింది గానీ తన గొంతుకు ఏం పూయాలో ఆమెకు తట్టలేదు.

"రేయ్, ఆ సారీగాడురా! వాళ్ళమ్మ కూడా ఉండాది!"

ఫోనులు లేచాయి. పెద్దాయన ఏమిటో తెలియక పక్కకు తప్పుకున్నాడు. మునిప్రసాద్ ఈడు పిల్లలు జనం కాళ్ళ సందుల్లోంచి ముందుకు దూరి వచ్చారు. కుర్రాడు వంగి ఫోను వాడి ముఖానికి దగ్గరగా పెట్టాడు. కోపంగా కాదు, ఎంతో ముద్దుగా అడిగాడు.

"తమ్ముడూ, తమ్ముడూ, ఒక్కసారి. ఒక్కసారి సెప్పప్పా."

ఏం చెప్పాలో అతను అనలేదు. మునిలక్ష్మి వాడి భుజం మీద చెయ్యి వేసి ఎదురుచూసింది. తిట్టనీ తల్లీ, వీణ్ణే తిట్టనీ, వీడికే తగలనీ అని లోపల్లోపల మొక్కుకుంది. వాడి పెదవులు విడివడ్డాయి. నల్లటి ముఖంలో పళ్ళు కనబడ్డాయి.

"సారీ అంకుల్స్," అన్నాడు మునిప్రసాద్, ఒక్క తప్పు లేకుండా. "సారీ ఆంటీస్."

జనం గొల్లుమన్నారు. పిల్లలు తాళం వేసి అందుకున్నారు.

మునిలక్ష్మికి ఏం జరిగిందో తెలియదు. కుర్రాడి చొక్కా ఆమె పిడికిట్లో ఉంది. ఆమె వేషం వేసుకోలేదు, ఒంటి మీద కుంకుమ లేదు, బొగ్గు లేదు. "నీ ఇల్లు కూలిపోనురా! నా బిడ్డ నోరు కొట్టినారు గదరా! నీ..." అని అరిచింది. అది జాతర తిట్టు కాదు. కడుపు మండి వచ్చిన తిట్టు. కుర్రాడి ముఖం పాలిపోయింది. చుట్టూ ఉన్న ఫోనులన్నీ పిల్లవాణ్ణి వదిలి ఆమె వైపు తిరిగాయి.

అప్పుడు మునిప్రసాద్ ఆమె కొంగు పట్టుకుని లాగి, చెరుకురసం బండి పక్కనున్న గట్టు మీదికి ఎక్కి, అరచేత్తో ఆమె నోరు మూసేశాడు. బొగ్గు ఆమె పెదవులకూ పళ్ళకూ అంటుకుంది.

"వద్దమ్మా," అన్నాడు చెవిలో. వాడి గొంతు పెద్దమనిషి గొంతులా ఉంది. "తీస్తాండారు. నాయన పని పోతాది. నువ్వూ సారీ సెప్పేయ్."

ఆమె వాడి కళ్ళలోకి చూసింది. వాడు బతిమాలుతున్నాడు. చెయ్యి తీస్తే తల్లి ఏమంటుందోనని భయపడి ఇంకా గట్టిగా నొక్కాడు. మునిలక్ష్మి కుర్రాడి చొక్కా వదిలేసింది. ఆ చేతి కిందే, సరేనని తల ఊపింది.